మూడో గడి

జూన్ 3

పిన్నీ,

ఉద్యోగంలో చేరి ఇవాళ్టికి సరిగ్గా నెల. ఇన్నాళ్లకి ఉత్తరమా అని నువ్వు తిట్టుకునే ఉంటావు. నీ వాటా తిట్లు కూడా ఆదివారం ఆదివారం బాబాయి ఫోన్లో తిడుతూనే ఉన్నాడులే. నువ్వు ఫోన్ ముట్టవు కదా. అవతల నేను మాట్లాడుతుంటే మధ్యలో ఇంకెవరో ఊపిరి పీలుస్తున్నట్టుంటుందని చెప్పినప్పటి నుంచి నేనూ బలవంతం చెయ్యడం మానేశాను. ఉత్తరమే నయం. ఇందులో ఉండేది మనిద్దరమే.

మా వార్డులో ముప్పై మంచాలు. అన్నీ నేలకి బోల్టులతో బిగించినవే. కిటికీలకి చువ్వలు, చువ్వల మీద జాలీ. లోపలికి వెళ్లేముందు నా జడపిన్నులు కూడా గేటు దగ్గర ఇచ్చెయ్యాలి. భోజనాలయ్యాక చెంచాలు లెక్క సరిపోయేదాకా ఎవరూ కదలకూడదు. మాత్ర మింగించాక ‘నోరు తెరవండి, నాలుక పైకెత్తండి’ అనాలి, కొందరు నాలుక కింద దాచి తర్వాత ఉమ్మేస్తారు కాబట్టి. మొదటిరోజు ఆ మాట అనలేక అనలేక అన్నాను. ఇప్పుడు అలవాటైపోయింది. మొన్న క్యాంటీన్లో తలనొప్పి మాత్ర వేసుకుంటున్న స్నేహితురాలితో అనబోయి నాలుక కరుచుకున్నాను.

ఏడో మంచం మీద లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. పెన్సిల్ మొనదేలి ఉంటుంది గనక ఇవ్వరు, అందుకని ఎర్ర క్రేయాన్ ముక్క ఒకటి జేబులో పెట్టుకుని తిరుగుతారు. నేను గంటగంటకీ పేషెంట్ల గురించి నోట్సు రాస్తుంటే వచ్చి నిలబడ్డారు.

“ఏం రాస్తున్నావమ్మా?”

“ఏం లేదు మాస్టారూ.”

“ఏమీ లేనిదానికి రెండు పేజీలా?”

పెద్ద సిస్టర్, అంటే మా వార్డు ఇన్‌చార్జి, పక్కనుంచి కిసుక్కున నవ్వింది.

మన ఒప్పందం గుర్తుందిగా? బాగున్న కుట్టుని ఊరికే విప్పాలనిపించిన మొదటిరోజే, మొదటి కుట్టుకే నాకు రాస్తానన్నావు. అమ్మకి కాదు, బాబాయికి కాదు, డాక్టరుకీ కాదు. నాకు. పోయినసారి అలాగే కదా మొదలైంది. చక్కటి చొక్కాలు విప్పడం, కుట్టడం, మళ్లీ విప్పడం. మూడో వారానికల్లా ఆస్పత్రి. ‘కుట్లు విప్పుతున్నాను’ అని ఒక్క లైను చాలు, మర్నాడు పొద్దున్నకి నీ గుమ్మంలో ఉంటాను. నేను నర్సునైంది ఎవరికోసమనుకున్నావు?

నిద్ర పడుతోందా? మాత్రలు వేళకి వేసుకుంటున్నావా?

నీ కందిరీగ


జూన్ 14

కందిరీగకి,

నెలకి ఒక ఉత్తరమా? కరెంటు బిల్లు కూడా అలాగే వస్తుంది, కానీ దానికోసం నేను వీధిలోకి తొంగి చూడను.

మాస్టారు నాకు నచ్చారు. ఆయన్ని జాగ్రత్తగా చూసుకో. నాలుక ఎత్తమనడం గురించి రాశావు. నన్నూ అడిగేవారు. అడిగిన ప్రతిసారీ నా నోట్లో దొంగసొత్తు ఏదో ఉందని నాకే అనుమానం వచ్చేది. ఒక్క సిస్టర్ మాత్రం ముందు తన నోరే తెరిచి, ‘ఇదిగో, నా దగ్గరా ఏం లేదు’ అని నవ్వేది. ఆ పిల్ల ముఖం మర్చిపోయాను, పళ్లు గుర్తున్నాయి. నువ్వూ అలా చేసి చూడు.

ఇక్కడ పెద్ద కబురు. రెండు స్కూళ్ల యూనిఫాం చొక్కాల ఆర్డరు నాకే వచ్చింది. బాబాయి రెండో మిషన్ తెస్తున్నాడు. పెట్టడానికి చోటు లేదు, నీ గదిలో పుస్తకాల బీరువా తియ్యాలి. గోడమీద నువ్వు తగిలించిన ఎముకల పటం చూసి మీ బాబాయి, “నర్సమ్మకి సంబంధం చూడక్కర్లేదు, పెళ్లికొడుకు ఇంట్లోనే ఉన్నాడు, తిండి ఖర్చు కూడా లేదు” అంటాడు. ఏవి ఉంచాలో, ఏవి తీసెయ్యాలో రాయి. నీ మాట లేకుండా ఒక్క కాగితం ముట్టను.

తొమ్మిదేళ్లు ఉన్నావు ఆ గదిలో. మీ నాన్న బదిలీల బాధ పడలేక ఐదో తరగతిలో మీ అమ్మ నిన్ను నా దగ్గర దించినప్పుడు నువ్వు ఆ మిషన్ పెడల్ మీద కూర్చుని లేవనన్నావు. ఇప్పుడు అదే గదిలోకి రెండో మిషన్ వస్తోంది.

ఒప్పందం గుర్తుంది. ఈ నెల విప్పినవి మూడే చొక్కాలు, వాటి కాజాలు నిజంగానే తప్పాయి. భయపడకు.

అడిగినా తినవని తెలుసు, అయినా అడుగుతాను. తింటున్నావా?

పిన్ని


జూన్ 22

పిన్నీ,

నువ్వు చెప్పినట్టు మాస్టారి ముందు నేనే మొదట నోరు తెరిచాను. ఆయన వంగి చూసి, “ఎడమవైపు చివరి పన్ను పుచ్చింది, చూపించుకో” అన్నారు. తర్వాత తనే నోరు తెరిచారు. నిజంగానే పుచ్చింది పిన్నీ.

పుస్తకాలన్నీ తీసెయ్. పెళ్లికొడుకుని మాత్రం గోడమీదే ఉండనీ, పాపం. కింద అరలో ఒక పొడుగు నోట్‌బుక్ ఉంటుంది, అది పోస్టులో పంపు. ప్రతి పేజీ మూడు గళ్లుగా గీసి ఉంటుంది. మూడో సంవత్సరంలో రాసిన కేస్ స్టడీ అది. మొదటి గడిలో పేషెంటు అన్నమాట, రెండో గడిలో మనం అన్నమాట, మూడో గడిలో దాని అర్థం రాయాలి. క్లాసులో నాకే మొదటి మార్కు. “ఇంత దగ్గరగా పేషెంటుని ఎవరూ చూడలేదు” అని మా మేడం మూడు బ్యాచ్‌లకి చదివి వినిపించింది. మా దగ్గరికి శిక్షణకి వచ్చే పిల్లలకి చూపిద్దాం తెప్పించమని పెద్ద సిస్టర్ ఒకటే పోరు.

చదవడానికి అందులో ఏం ఉండదు, అంతా మా నర్సింగు గోల. కట్టి పంపెయ్ చాలు.

నిద్ర పడుతోందా? మాత్రలు?

నీ కందిరీగ


జూలై 4

అమ్మాయికి,

పుస్తకం నిన్న పోస్టు చేశాను. అలాంటి పొడుగు పుస్తకాలు రెండున్నాయి, నువ్వడిగింది ఏదో తెలియక తెరిచాను. అట్ట చిరిగి ఉంటే ఖాకీ కాగితంతో కొత్తది వేశాను. నీ దస్తూరి ఎప్పుడూ బాగుంటుంది.

అందులో పేషెంటుకి పేరు రాయలేదు, ‘పి’ అని ఊరుకున్నావు. నలభై రెండేళ్లు, పిల్లలు లేరు, ఇంట్లోనే పని చేసుకుంటుంది అని ఉంది. ఆవిడ ఎవరు? ఇప్పుడెలా ఉంది? తెలుసుకుందామని.

మూడు బ్యాచ్‌లంటే ఎంతమంది?

కొత్త మిషన్ వచ్చింది. శబ్దం ఎక్కువ.

పిన్ని


జూలై 12

పిన్నీ,

పుస్తకం అందింది. అట్ట ఎంత బాగా వేశావో! మూలలు మడిచిన తీరు చూసి పెద్ద సిస్టర్ “ఇది ఎవరి చెయ్యి?” అంది. మా పిన్నిది అని గొప్పగా చెప్పుకున్నాను.

‘పి’ మా కాలేజీ ఆస్పత్రిలో ఉండేది. ఎప్పుడో డిశ్చార్జి అయి వెళ్లిపోయింది, బాగానే ఉందని విన్నాను. నీ వయసుదే కాబట్టి నీకు అలా అనిపించి ఉంటుంది. బ్యాచ్‌కి నలభై మంది.

నెలాఖరుకి వస్తానన్నాను కదా, కుదిరేట్టు లేదు. ఇద్దరు సిస్టర్లు ఒకేసారి సెలవు పెట్టారు. ఒకామెకి కామెర్లు, ఇంకొకామెకి అత్తగారు. మాస్టారు నా డ్యూటీ చార్టు చూసి, “ఇందులో ఒక మనిషి రెండు చోట్ల ఉంది, ఈ లెక్క తప్పు” అని ఎర్రగీత గీశారు. ఆ మనిషిని నేనే. కోపం తెచ్చుకోకు, వచ్చే నెల తప్పకుండా వస్తాను.

నిద్ర పడుతోందా? మాత్రలు అయిపోకముందే తెప్పించుకో.

నీ కందిరీగ


జూలై 21

అమ్మాయికి,

ఆవిడ బాగుందంటే సంతోషం.

నలభై మూళ్లు నూట ఇరవై. అంతమందికి తన సంగతి తెలిసిన మనిషి వీధిలో ఎలా నడుస్తుందా అని ఆలోచించాను. తెలిసిందని ఆవిడకి తెలియదు కాబట్టి నడుస్తుంది.

సెలవు దొరకలేదని బాధపడకు. నాకేం కోపం లేదు. ఇక్కడ అంతా బాగుంది. నిద్ర పడుతోంది. మాత్రలు వేసుకుంటున్నాను. నువ్వు అడగకముందే రాసేశాను.

పిన్ని


సెప్టెంబర్ 5

పిన్నీ,

ఆగస్టులో రెండు ఉత్తరాలు రాశావు, రెండూ కలిపి తొమ్మిది లైన్లు. లెక్కపెట్టాను. నీ కోపం నాకు తెలియదా? చిన్నప్పుడు కూడా కోపం వస్తే అరిచేదానివి కాదు, నా గౌను చేతులు బిగుతుగా కుట్టేదానివి. వస్తానని రెండుసార్లు రాలేదు, తప్పే. అక్టోబర్లో పది రోజులు పెడుతున్నాను. నీ కొత్త మిషన్ మీద నాకొక చొక్కా కుట్టాలి, చేతులు వదులుగా.

నీకొకటి చెప్పాలి. మాస్టారు తన గురించి ఏం రాశానో చూపిస్తేగానీ మాత్ర మింగనని కూర్చున్నారు. అది రూలు కాదు. అయినా ఆరోజు పేజీ ఒక్కటి చూపించాను. మొత్తం చదివి, జేబులోంచి క్రేయాన్ తీసి ఒక లైను కింద గీత గీశారు. ‘అర్థం లేని మాటలు మాట్లాడుతున్నారు’ అని రాశాను అక్కడ.

“ఇది తప్పు” అన్నారు.

“ఏం తప్పు మాస్టారూ?”

“అర్థం లేదని నీకెలా తెలుసు? నాకు అర్థం కాలేదు అని రాయి. అప్పుడు సగం మార్కులైనా వేస్తాను.”

వార్డంతా నవ్వింది. నాకూ నవ్వాగలేదు. చెప్పినట్టే దిద్ది రాశాను. అరమార్కు కోత పెట్టి మాత్ర మింగారు.

నిద్ర పడుతోందా? మాత్రలు మానలేదుగా?

నీ కందిరీగ


సెప్టెంబర్ 16

అమ్మాయికి,

మాస్టారికి నా నమస్కారాలు చెప్పు. ఆయన అన్నది రెండుసార్లు చదివాను.

ఇక్కడ అందరం బాగున్నాం. నిద్ర బాగా పడుతోంది. మాత్రలు బాగా వేసుకుంటున్నాను. ఆకలి బాగుంది. పని కూడా బాగుంది, ఎంత ఉందంటే చేసిందే మళ్లీ చేస్తున్నాను. బాబాయి నా పనితనం చూసి మురిసిపోతున్నాడు. కొత్త మిషన్ శబ్దం పాత మిషన్‌కి నచ్చడం లేదు. రెండిటికీ మధ్య నేను తీర్పు చెప్తున్నాను.

నీకు చొక్కా కొలతలు కావాలి. లేదా అక్కర్లేదు, నీ కొలతలు నాకు తెలుసు.

పిన్ని


సెప్టెంబర్ 28

పిన్నీ,

డ్యూటీలోంచి రాస్తున్నాను, రెండే లైన్లు. నీ మిషన్ల తగువు చదివి పెద్ద సిస్టరూ నేనూ పడీపడీ నవ్వాం. పని అంత బాగా ఉందంటే సంతోషం, అలిసిపోకు. ఇరవయ్యో తారీకుకల్లా వస్తున్నాను.

నిద్ర? మాత్రలు?

కందిరీగ


అక్టోబర్ 19

పిన్నీ,

ఈ ఉత్తరం నీ వార్డులో సిస్టర్ నీకు అందిస్తుంది. చదవాలని లేకపోతే దిండు కింద పెట్టుకో.

తొమ్మిదో తారీకున బాబాయి ఫోన్ చేశాడు. నిన్ను ఆస్పత్రిలో చేర్పించాక చేశాడు, ముందు కాదు. “నాకేం తెలుసే, శ్రద్ధగా చేస్తోందనుకున్నాను” అని ఏడ్చాడు. మూడు వారాల పాటు రెండు స్కూళ్ల చొక్కాలూ విప్పుతూ కూర్చున్నావట. చివరికి గది నిండా విడివిడి చేతులు, కాలర్లు, జేబులు. స్కూలు వాళ్లు ఆ ముక్కలన్నీ సంచుల్లో నింపుకుని వేరే టైలరుకి ఇచ్చేశారట. ఆ సంచులు మోయించింది తనేనట.

పదో తారీకుకి నేను నీ వార్డు గేటు దగ్గరున్నాను. చిన్నగా ఉండే సిస్టర్ ఒకమ్మాయి బయటికొచ్చి, “ఆవిడ మిమ్మల్ని చూడనన్నారండీ” అంది. నేనూ నర్సునేనండీ అన్నాను. “అందుకే వద్దన్నారు” అంది. ఆ అమ్మాయికి అర్థమై అందో కాక అందో నాకు తెలియదు. సందర్శకుల బెంచీ మీద నాలుగు గంటలు కూర్చున్నాను. ఆ గేటుకి బయటివైపు ఎలా ఉంటుందో నాకిప్పటిదాకా తెలియదు. తాళం తీసిన ప్రతిసారీ అందరి తలలూ ఒకేసారి లేస్తాయి.

ఆ బెంచీ మీదే నీ సెప్టెంబరు ఉత్తరం మళ్లీ చదివాను, సంచీలోనే ఉంది. ‘చేసిందే మళ్లీ చేస్తున్నాను’. నువ్వు రాశావు పిన్నీ. ఒప్పందంలో మాటలతో కాకపోయినా రాశావు. నేను దాన్ని పెద్ద సిస్టర్‌కి చదివి వినిపించి నవ్వాను. ముప్పై మంది నాలుకల కింద వెతికే దాన్ని, నీ ఒక్క లైను కింద చూడలేకపోయాను.

ఇంక జూలైలో నేను రాసిన అబద్ధం. ‘పి’ అంటే నువ్వే. నీకు తెలుసని నాకూ తెలుసు. నువ్వు ‘ఆవిడ ఎవరు’ అని అడిగినప్పుడు పెన్ను రెండు నిమిషాలు ఆగింది. తర్వాత అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో! కేస్ స్టడీకి పేషెంటు దొరకలేదు ఆ ఏడాది. దొరికినామె నాతో మాట్లాడేది కాదు. సెలవులకి ఇంటికొచ్చాను. నువ్వు మిషన్ దగ్గర కూర్చుని మాట్లాడుతూనే ఉండేదానివి. రాత్రి మంచమెక్కాక అన్నీ గుర్తు చేసుకుని గళ్లలో నింపాను. పేరు తీసేస్తే నువ్వు అందులో ఉండవనుకున్నాను. కుట్లు విప్పే సంగతి కూడా రాసేశాను, నాకొక్కదానికే చెప్పింది. మేడం దాని కింద రెండు గీతలు గీసి ‘శభాష్’ అని రాసింది. ఆ శభాష్ చూసుకుని ఎన్నిసార్లు మురిశానో నీకు చెప్పడానికి సిగ్గేస్తోంది.

నువ్వు సెలవు గురించి అలిగావని అనుకున్నాను, లేదా అలా అనుకుంటే నాకు తేలిగ్గా ఉంది.

నోట్‌బుక్ ఈ ఉత్తరంతో పంపుతున్నాను. చింపెయ్. కాల్చెయ్. లేదా మూడో గడి పక్కన ఖాళీ ఉంది, నీకేం రాయాలనిపిస్తే అది రాయి. నేను చదువుతాను, ఎన్ని తిట్లున్నా.

నీ కందిరీగ అని రాయొచ్చో లేదో తెలియడం లేదు.


నవంబర్ 9

కందిరీగకి,

ఇంటికొచ్చి వారమైంది. చేతులు వణుకుతున్నాయి, మందు వల్ల అన్నారు, కొన్నాళ్లకి తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు అన్నారు. సూదిలో దారం బాబాయి ఎక్కించి పెడుతున్నాడు. ఆయన ఎక్కించేలోపు నాకు నిద్రొస్తోంది. అక్షరాలు ఇలా ఉన్నాయని భయపడకు.

నువ్వు రాయమన్న చోట, అంటే మూడో గడి పక్కన, రాశాను. మొత్తం రాశాను, పదహారు రోజులు పట్టింది. రెండు మూడు మాత్రం ఇక్కడ చెప్తాను.

‘ఈ కాలర్ నన్ను చూసి వెక్కిరిస్తోంది’ అని నేనన్నానట. వస్తువులు తనని ఎగతాళి చేస్తున్నాయని పేషెంటు నమ్ముతోంది అని నువ్వు రాశావు. ఒసేయ్, అది హాస్యమే. ఆ కాలర్ నిజంగా వంకరపోయింది. టైలర్లందరూ అంటారు ఆ మాట.

గంటలో మూడుసార్లు ‘తిన్నావా’ అని అడిగానట. ఒకే ప్రశ్న పదేపదే, కొత్త లక్షణం అన్నావు. మూడుసార్లు అడిగినా నువ్వు తినలేదు, ఆ లక్షణం ఎవరిది?

మాట్లాడుతూ మధ్యలో ఆగి గోడవైపు చూశానట, ఏవో గొంతులు వినిపిస్తున్నట్టున్నాయట. గడియారం చూశానే. నీ బస్సుకి వేళైంది.

అప్పుడు పోస్టు చేసేముందు ఇవన్నీ చదివి మొదట నవ్వే వచ్చింది. బాబాయికి చెప్పి నవ్వుదామనుకున్నాను కూడా. తర్వాత కుట్లు విప్పే పేజీకి వచ్చాను. అది ఒక్కటీ నువ్వు సరిగ్గా రాశావు. నా మాటలు నా మాటల్లాగే రాశావు. తప్పుగా రాసినవాటికి నాకు బాధ లేదు, ఆ ఒక్క సరైనదానికే. నూట ఇరవై మంది ఆ పేజీ విన్నారు. అందుకే సెప్టెంబర్లో చెయ్యి మొదటి కుట్టు మీదికి వెళ్లినప్పుడు నీకు రాయాలని కాగితం తీశాను, తీసి, ఇది ఏ గడిలోకి వెళ్తుందో అనుకుని పెట్టేశాను. నువ్వొచ్చేదానివని తెలుసు. మర్నాడు పొద్దున్నే వచ్చేదానివి. అయినా రాయలేదు. తప్పంతా నీదే అని నేను అనను. ఆర్డరు పోయింది, మంచి ఆర్డరు. అది గుర్తొచ్చినప్పుడు మాత్రం అంటాను.

నీ ఉత్తరాలన్నీ తీసి చూశాను. ఆస్పత్రికి పంపింది తప్ప, ప్రతిదాని చివరా నిద్ర, మాత్రలు. ఒక్కదాంట్లోనూ ‘పిన్నీ, నువ్వు తిన్నావా’ అని లేదు. ఇది కోపంగా రాయడం లేదు. చూశాను, అంతే. నువ్వే కదా నేర్పావు చూడ్డం.

గేటు దగ్గర నీతో మాట్లాడిన చిన్న సిస్టర్ మంచి పిల్ల. నాకు తెలిసిన ఇంకో గుర్తు ఉంది, కుట్లకంటే ముందు వచ్చేది. దాన్ని ఆ పిల్లకి చెప్పాను. “రాసుకోమంటారా?” అని అడిగింది. అడిగింది కాబట్టి రాసుకోమన్నాను. బాబాయికీ చెప్పాను, ఆయన అద్దం మీద సబ్బుతో రాసుకుని రెండో రోజే తుడిచేశాడు. నీకు చెప్పను. మళ్లీ వస్తే నీకు అందరికంటే ఆఖరున తెలుస్తుంది. అది నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ నాకు నా గుర్తులు వెతకని మనిషి ఒకరు కావాలి. నువ్వొస్తే వెతక్కుండా కూర్చోగలవా? ఆ పని నీకు రాకపోతే నేర్చుకో, నీకు ఏదైనా తొందరగా వస్తుంది.

పుస్తకం పంపుతున్నాను. కాల్చమన్నావు, మనసొప్పలేదు, నాది కూడా అందులో ఉంది కదా ఇప్పుడు. మూడువైపులా మిషన్ మీద కుట్టేశాను. లోపలున్నది చదవాలనుకుంటే విప్పుకోవచ్చు, నేను కాదనను. కానీ విప్పిన కుట్టు మళ్లీ వేస్తే నాకు తెలుస్తుంది, పాత చిల్లులు ఎక్కడికీ పోవు. కుట్టు వంకరగా వచ్చింది. నన్ను చూసి వెక్కిరిస్తోంది. అదీ రాసుకో.

తింటున్నావా?

పిన్ని


నవంబర్ 20

పిన్నీ,

పుస్తకం అందింది. నా బల్ల మీదే ఉంది. కుట్టు నీ చేతి కుట్టులా లేదు. ఒకచోట సూది అదే చిల్లులో నాలుగుసార్లు దిగింది, అక్కడ కాగితం చిరిగింది. ఆ చిరుగులోంచి వేలిగోరంత అక్షరాలు కనిపిస్తాయి. నీ దస్తూరి. కళ్లు దానిమీదికే పోతున్నాయి, అందుకని ఆ వైపు గోడకి ఆనించి పెట్టాను.

విప్పలేదు. విప్పనని మాటివ్వలేను, ఇచ్చిన మాట ఒకటి ఏమైందో చూశావుగా. ఇవాళ్టికి విప్పలేదు.

మా మేడం దగ్గరికి వెళ్లాను. నిజం చెప్పి, ఆ కేస్ స్టడీ తీసెయ్యమన్నాను. “దాని జిరాక్సులు రెండేళ్లుగా చేతులు మారుతున్నాయమ్మా, ఏవి ఎక్కడున్నాయో నాకేం తెలుసు” అంది. నూట ఇరవై కాదు పిన్నీ. ఎంతమందో ఎవరికీ తెలియదు. నీకు దాచకుండా చెప్పాలని చెప్తున్నాను, ఓదార్చడానికి నా దగ్గరేమీ లేదు.

పెద్ద సిస్టర్‌కీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. “మనందరి దగ్గరా ఒకటి ఉంటుందిలే అలాంటి పుస్తకం” అని చెంచాల లెక్కకి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

మాస్టారు మొన్న ఇంటికి వెళ్లిపోయారు. కొడుకు వచ్చి తీసుకెళ్లాడు. వెళ్తూ వెళ్తూ క్రేయాన్ ముక్క నా బల్ల మీద పెట్టి, “ఇంక నువ్వే దిద్దుకో” అన్నారు. ఆయన ఆఖరి పేజీలో ‘ఏమన్నారో నాకు అర్థం కాలేదు’ అని నాలుగుచోట్ల రాశాను. డాక్టరు చూసి ఇదేం నోట్సు అన్నాడు.

వచ్చే ఆదివారం బస్సుకి వస్తున్నాను. రెండు రోజులుంటాను. పెడల్ మీద కూర్చోను, పెద్దదాన్నయ్యాను. సూదిలో దారం ఎక్కిస్తాను, బాబాయికంటే తొందరగానే. నువ్వు గోడవైపు చూస్తే గడియారమే చూశావనుకుంటాను. అనుకోలేకపోతే లేచి టీ పెడతాను. నేర్చుకోవడం అక్కడి నుంచి మొదలుపెడతాను.

ఉత్తరం చివర ఎప్పుడూ రాసే రెండు ప్రశ్నలూ చెయ్యి తనంతట తనే రాసేసింది. కొట్టేశాను. కింద సిరా మరక అదే, వెలుగులో పెట్టి చదవకు.

కొత్త మిషన్ శబ్దం తగ్గిందా? నువ్వు తిన్నావా?

నేను తిన్నాను పిన్నీ. ఒక్కసారి అడిగితేనే.

నీ కందిరీగ